చెవులు కప్పుకో నాయనా

చి. చిన్నోడికి, అత్త ఆశీస్సులు.

నీకు రెండుసార్లు ముక్కులోంచి నెత్తురు కారిందని మొన్న మీ అమ్మ చెప్పింది. నాకు రాసిన ఉత్తరంలో నువ్వు ఆ ఊసే ఎత్తలేదు. కెనడాలోని మీ విన్నిపెగ్‌లో మైనస్ 25 ఉన్నా ఎండ బాగా కాస్తోందని, టోపీ లేకుండానే బస్టాపు దాకా పోతున్నానని రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

ఆ ఎండను నమ్మొద్దు. మన దగ్గర ఎండంటే వేడి. అక్కడ చలికాలంలో ఆకాశం తేటగా ఉందంటే, రాత్రి నేల వేడిని పట్టి ఉంచే మబ్బు లేదన్నమాట. పగలు పడిన ఎండను కూడా తెల్లటి మంచు చాలావరకు పైకి తిప్పికొడుతుంది. గాలి తోడై చలి మైనస్ 28లా తగిలితే, కప్పని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. ముందు దెబ్బతినేవి చెవులు, ముక్కు, వేళ్లు. చెవులు కప్పుకో నాయనా.

మీ మామ ఉద్యోగానికని మేం కాకినాడలో కాపురం పెట్టిన మొదటి మే నెల గుర్తొస్తోంది. అనంతపురం 42లో పెరిగినదాన్ని, ఈ 36 నన్నేం చేస్తుందని మిట్టమధ్యాహ్నం బజారుకు పోయి కళ్లు తిరిగి పడ్డాను. ఎదురింటి పిన్నిగారు ఉప్పేసిన మజ్జిగ తాగించి పడుకోబెట్టింది. అక్కడి గాలి నిండా తేమ. చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అంకె ఒక్కటే చూస్తే ఊరు అర్థం కాదు.

నీ ముక్కు సంగతీ అంతే. గడ్డకట్టే గాలిలో తేమ బహు తక్కువ. హీటరు దాన్నే వేడి చేస్తే గది మన ఎండాకాలం కంటే పొడిబారుతుంది. హ్యుమిడిఫైయర్ ఒకటి కొనుక్కో. ముక్కులో సెలైన్ చుక్కలు వేసుకో. మళ్లీ నెత్తురొస్తే డాక్టరు దగ్గరికి పో, నాకు దాచకు.

ఊరికీ ఊరికీ ఉన్న ఈ తేడాలను వర్గాలుగా పేర్చిన వాతావరణ శాస్త్రవేత్త వ్లాదిమిర్ కొప్పెన్ గురించి నీ ఏడో తరగతిలో చెప్పాను. సెయింట్ పీటర్స్‌బర్గ్‌కూ క్రిమియాకూ మధ్య తిరిగిన కుర్రతనంలో, దారి పొడుగునా చెట్లు మారిపోవడం చూశాడాయన. ఆ చూపుతోనే తర్వాత లోకాన్ని ఉష్ణ, శుష్క, సమశీతోష్ణ, ఖండాంతర్గత, ధ్రువ మండలాలని అయిదుగా పంచాడు. కాకినాడ మొదటిది. పడమటి కనుమల వానచాటున, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లతో బతికే మన అనంతపురం రెండోది. నువ్వున్నది నాలుగోది. లండన్ విన్నిపెగ్ కంటే కాస్త ఉత్తరానే ఉన్నా, అట్లాంటిక్ మీది గాలి దాన్ని కాపాడుతుంది. జనవరి సగటు అక్కడ 5 డిగ్రీల పైనే, నీ ఊళ్లో మైనస్ 16 దగ్గర. నీకు దగ్గర్లో అలాంటి సముద్రం లేదు నాయనా, నిన్ను నువ్వే కాచుకోవాలి. చెట్టు సైతం ఊరిని బట్టి ఆకు రాలుస్తుంది, ముల్లు తొడుగుతుంది. నువ్వొక టోపీ పెట్టుకోలేవా?

పుట్టినప్పుడు నీ చెవులకు చలి తగలకుండా మీ అవ్వ తన పాత చీర చించి చుట్టేది. ఆ చెవులే కదా ఇవి. నేనల్లిన ఉన్ని టోపీ పార్శిల్ చేశాను. రంగు నచ్చకపోయినా పెట్టుకుని ఫొటో పంపు. అందులో నీ చెవులు నాకు కనబడకూడదు.

ప్రేమతో,
అత్త