పాత ఆటపలకలకు విద్యుత్తు నందించుట

విద్యార్థులారా, నాణెము వేసి యాడు ఆటయంత్రపు పెట్టెలో అసలు ఆట యంతయు ఒక సర్క్యూటు పలక మీదనే యుండును. పూర్వము ఒక్కొక్క సంస్థ ఆ పలక యంచున తనకు తోచిన వరుసలో తీగలు కూర్చెడిది. 1985లో జపాను దేశమున జామ్మా పద్ధతి యేర్పడి, 56 స్పర్శస్థానములకు ఒకే వరుస నిచ్చెను. అంతకు ముందరి పలకను జామ్మా పెట్టెలో నడపవలెనన్న నడుమ అడాప్టరు కావలెను.

అడాప్టరు తీగల దారిని మార్చునే గాని లేని విద్యుత్తును పుట్టింపదు. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ పలకలోని 8080 ప్రాసెసరుకు ధన 5, ధన 12, ఋణ 5 వోల్టులు మూడును కావలెను. 12 వోల్టుల తీగ పొరబాటున 5 వోల్టుల స్థానమున పడెనా, నలుబదేండ్లు నిలిచిన పలక క్షణములో పాడగును.

ఇంకొకటి కలదు. పొదుపని సన్నని తీగ వాడుదురు. అది పొదుపు గాదు. 0.1 ఓము నిరోధముగల తీగలో 4 ఆంపియర్లు పాఱిన 0.4 వోల్టు దారిలోనే పోవును. సరఫరా కడ 5 ఉన్నను పలక కడ 4.6 మాత్రమే చేరును. పలక మీది టీటీఎల్ చిప్పులకో, 4.75 మొదలు 5.25 వఱకే హద్దు. ఆట నడుమ నాగిపోవును. మనము చిప్పు చెడెనని దానిని ఊడబెఱుకుదుము! మీటరును పలక మీదనే యుంచి కొలువుడు. వోల్టులు పెంచుటకంటె లావు తీగ వేసి, జామ్మాలో 5 వోల్టులకిచ్చిన నాలుగు స్థానములను, భూతీగకిచ్చిన యెనిమిదింటిని వాడుట మేలు.

పలకను తగిలింపక మునుపే ఖాళీ అడాప్టరుకు విద్యుత్తు నిచ్చి, ప్రతి స్థానమును కొలిచి వ్రాసికొని, మీట ఆర్పిన పిమ్మటనే పలకను దూర్పవలెను.