ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: నాడి లెక్కపెట్టే తల్లికి

ప్రశ్న: ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవుల గుత్తి పెడితే వెంటనే తగ్గుతుందంటారు. నిజమేనా?
– ఉరవకొండ

జవాబు: చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. తాళాలు వెతికి తెచ్చేసరికి అంత సేపూ పడుతుంది. పేరు మాత్రం తాళానికి వస్తుంది. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ కుక్కకండి. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. బాబుకు నాలుగేళ్లు. ఆరో నెలలో జ్వరంతో మొదలైన ఫిట్స్ ఇప్పటికీ వస్తున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ద్రావే సిండ్రోమ్ అన్నారు. ఈ పిల్లలకు గుండె లయ తప్పి నిద్రలోనే పోతారని ఫోన్‌లో చదివాను. వేలికి తగిలించే మిషన్ కొని రాత్రంతా చూస్తున్నాను. నాడి ఒకసారి 82, ఒకసారి 96, మళ్లీ 90. ఒక్కచోట నిలవదు. ఇంతకంటే మంచి మిషన్ ఏదైనా చెప్పండి. పోయిన నెల మందు అయిపోతే మెడికల్ షాపులో వేరే ఫిట్స్ మాత్ర ఇచ్చారు, కార్బమజెపిన్ అని. ఆ వారం నాలుగుసార్లు వచ్చాయి. మేనరికం చేసుకున్నందుకే ఇదంతా అంటున్నారు మా అత్తగారు.
– ఒక తల్లి

జవాబు: తల్లీ, ఏ మిషనూ కొనొద్దు. ముందు నేను చెప్పింది చెయ్యండి. మీ మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి నాడి పట్టుకోండి. గుండెల నిండా ఊపిరి పీల్చండి. నాడి వడి పెరుగుతుంది. మెల్లగా వదలండి. నిదానిస్తుంది. పెద్దవాళ్లలో ఇది కొంచెమే తెలుస్తుంది, పిల్లల్లో బాగా తెలుస్తుంది. మీ మిషన్ మీద అంకెలు ఆడుతున్నది చాలావరకు ఇందుకే. గొర్రు తోలేవాడు పగ్గం ఒకసారి బిగిస్తాడు, ఒకసారి వదులుతాడు. మెదడు గుండెను తోలే తీరు కూడా అంతే.

ఇంకో సంగతి వినండి. ఇటలీ వైద్యులు 2011లో ద్రావే పిల్లల గుండె లయను ఇతర మూర్ఛ ఉన్న పిల్లలతో పోల్చి చూశారు. ద్రావే పిల్లల్లో ఈ ఎగుడుదిగుడు తక్కువగా కనబడింది. అంటే ఏ మార్పును చూసి మీరు వణికిపోతున్నారో, అది ఉండటమే మేలు. అది ఎంత ఉందో లెక్క కట్టాలంటే రోజంతా రాసే ఈసీజీ కావాలి, వేలి మిషన్ వల్ల కాదు.

ఇలా ఎందుకవుతుందో కూడా చెబుతాను. ఫ్రాన్స్ డాక్టరు షార్లెట్ ద్రావే ఈ జబ్బును 1978లో వర్ణించారు. చాలామందిలో దీనికి కారణం ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో మార్పు అని 2001లో తేలింది. నరాల కణాల్లోకి సోడియం వెళ్లడానికి తూముల్లాంటివి ఉంటాయి. ఈ జన్యువు దెబ్బతింటే ఆ తూముల్లో సగమే పనిచేస్తాయి. మెదడులో మిగతా కణాలను అదుపు చేసే కణాలు ముందు నీరసిస్తాయి. ఫిట్స్ వచ్చేది అందుకే. ఊపిరినీ గుండెనూ నడిపేదీ ఆ మెదడే గనుక లయ కూడా కొంత మారుతుంది.

ఇక ఫోన్ సంగతి. అది అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి మిమ్మల్ని వదిలేసింది. మూర్ఛ ఉన్న పిల్లల్లో ఏడాదికి సుమారు 4,500 మందిలో ఒకరు ఇలా హఠాత్తుగా పోతారని 2017లో అమెరికా నరాల వైద్యులు లెక్క చెప్పారు. ద్రావే పిల్లల్లో ఆ ముప్పు అంతకు చాలా ఎక్కువ. మీ దగ్గర దాచను. ఫోన్ చెప్పని సగం ఇది: ఆస్పత్రి కెమెరాల ముందు జరిగిన ఇలాంటి మరణాలను వెతికి తీసిన అధ్యయనం 2013లో వచ్చింది. పెద్ద ఫిట్ ఆగిన కొద్ది నిమిషాల్లో ముందు ఊపిరి ఆగింది, తర్వాతే గుండె ఆగింది. ఎక్కువమంది బోర్లా పడి ఉన్నారు. కాబట్టి కాపలా కాయాల్సింది గుండె అంకెను కాదు. పెద్ద ఫిట్ రాకుండా చూడాలి, వస్తే తొందరగా ఆపాలి.

ఇప్పుడు కోపం తెచ్చుకుంటాను, ఏమీ అనుకోకండి. మిషన్ గురించి అంత రాసి, కార్బమజెపిన్ గురించి రెండు ముక్కలు రాశారు. అది మంచి మందే, వేరే రకం మూర్ఛకు. అది పనిచేసేదే సోడియం తూములను మూసి. సగమే పారుతున్న తూముకు అడ్డం పెడితే ఏమవుతుంది? నాలుగు ఫిట్స్ అయ్యాయి. ఫెనిటాయిన్, లామోట్రిజిన్ కూడా ఈ పిల్లలకు అలాంటివే. ఫిట్స్ మాత్రలన్నీ ఒకటే అనుకునే మెడికల్ షాపు, ఆర్ఎంపీ, పక్కింటి అనుభవం: ఈ మూడూ మీవాడికి ఎండ కంటే ప్రమాదం. ఈ మందుల పేర్లు, జబ్బు పేరు ఒక కాగితం మీద రాసి ఆస్పత్రి చీటీకి పిన్ను కొట్టండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అది చూపించండి. మందు పదిహేను రోజులకు మిగిలి ఉండగానే మళ్లీ తెచ్చుకోండి. సీసా అడుగు కనబడ్డాక బెంగళూరు బస్సు ఎక్కితే ఎలా?

జ్వరం, వేడి ఈ పిల్లలకు పడవు. మన అనంతపురం ఎండలో, రేకుల ఇంట్లో మధ్యాహ్నం పూట తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. వేణ్ణీళ్లు పోయకండి, గోరువెచ్చగా చాలు. ఫిట్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ఎంత వాడాలో మీ డాక్టరుతో రాయించుకుని ఇంట్లో ఒకటి, సంచిలో ఒకటి ఉంచండి. ఫిట్ ఆగాక పక్కకు తిప్పి, ఊపిరి సరిగా ఆడేవరకు దగ్గరే ఉండండి. అనంతపురం సర్వజన ఆస్పత్రిలోనో, బత్తలపల్లి ఆర్‌డీటీ ఆస్పత్రిలోనో ఒకసారి ఈసీజీ తీయించండి. అది బాగుంటే గుండె సంగతి డాక్టర్లకు వదిలేయండి.

మేనరికం మాట. ద్రావే పిల్లల్లో ఎక్కువమందికి ఈ జన్యు మార్పు కొత్తగా పుట్టినదే, తల్లిలోనూ తండ్రిలోనూ ఉండదు. మేనరికానికి వేరే తప్పులున్నాయి, దీన్ని దాని నెత్తిన రుద్దొద్దని మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. కొద్దిమందిలో తల్లిదండ్రుల నుంచీ రావచ్చు గనుక, రెండో బిడ్డ అనుకుంటే మాత్రం ముందు జన్యు వైద్యులను కలవండి.

చివరగా, అదే గదిలో మీవాడి పక్కనే పడుకోండి. పెద్ద ఫిట్ వస్తే చాలాసార్లు చప్పుడుకే మెలకువ వస్తుంది. ఒక రాత్రి మీరు, ఒక రాత్రి మీ ఆయన. నిద్రలేని తల్లి పొద్దున మందు మోతాదు పొరబడుతుంది. నాకు అసలు భయం అది.

ప్రశ్న: మూడేళ్లుగా ఫిట్స్ లేవు. నెల కిందట మాత్రలు నేనే ఆపేశాను. బాగానే ఉంది. బైక్ నడపొచ్చా?
– గుంతకల్లు

జవాబు: బైక్ తాళం ఇంట్లో ఇచ్చేసి, మాత్ర రాసిన డాక్టరు దగ్గరికి బస్సులో వెళ్లండి. ఈ రోజే.

ప్రశ్న: మా పాపకు పన్నెండేళ్లు. బడిలో పరుగు పందెంలో రెండుసార్లు, కబడ్డీలో ఒకసారి పడిపోయింది. ముఖం పాలిపోతుంది, అర నిమిషంలో లేచి కూర్చుంటుంది. ఫిట్స్ అని ఏడాదిగా మాత్ర వాడుతున్నాం. మెదడు పరీక్ష బాగానే ఉంది. మోతాదు పెంచాలా? ఇంట్లో ఎవరికీ ఫిట్స్ లేవు. దాని మేనమామ ఇరవై ఏళ్లకే బావిలో పోయాడు, ఈత బాగా వచ్చినవాడే.
– ధర్మవరం

జవాబు: పెంచొద్దు, మీ అంతట మీరు ఆపనూ వద్దు. రేపే ఈసీజీ తీయించండి. పరుగులో పడిపోయే పిల్లల్లో కొందరికి జబ్బు మెదడుది కాదు, గుండెది. గుండె ఒక దెబ్బ కొట్టాక మళ్లీ సిద్ధమవడానికి తీసుకునే సమయం కొందరిలో పుట్టుకతోనే ఎక్కువ. దాన్ని లాంగ్ క్యూటీ అంటాం. పరుగు, ఈత వీళ్ల లయను చెడగొడతాయి. రక్తం అందక మెదడు సొమ్మసిల్లితే చూసేవాళ్లకు ఫిట్ లాగే ఉంటుంది. ఒక ఈసీజీ బాగున్నంత మాత్రాన సరిపోదు, గుండె డాక్టరే తేల్చాలి. పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో గుండె వైద్యం ఉచితం. పాపతో పాటు తల్లికీ, తోబుట్టువులకూ ఈసీజీ తీయించండి. ఇది అదే అయితే మందులున్నాయి, బాగా పనిచేస్తాయి. తేలేవరకు ఆటలు, ఈత బంద్. జలుబుకో దగ్గుకో అజిత్రోమైసిన్ లాంటి మాత్ర షాపులో అడిగి వేయకండి, ఈ గుండెకు అది పడదు.

బావి మాట మీరు ఉత్తరం చివర, కాగితంలో చోటు మిగిలిందన్నట్టు రాశారు. డాక్టరు దగ్గర అదే మొదట చెప్పండి.