తాతయ్య పాల లెక్కలు

బందరు

చిట్టితల్లీ,

మొన్న ఫోనులో నువ్వు తాతయ్యను ఆటపట్టిస్తూ, శుభలేఖల వెనక పాల లెక్కలు రాసుకునే మనుషులు లోకంలో ఇంకా ఉన్నారా అన్నావట. ఆయన నవ్వుకుంటూ వచ్చి ఆ మాట నాకు చెప్పి, వెంటనే ఇంకో శుభలేఖ కత్తిరించుకు కూర్చున్నారు. పక్కగదిలో ఉత్తినే ఫ్యాను తిరుగుతుంటే ఆయనకు నిద్ర పట్టదు, నాకేమో చిరిగిన చీర పారేయబుద్ధి కాదు. మేమిద్దరమే కాదు, మా ఈడు వాళ్ళంతా ఇంతేనే.

మా చిన్నప్పుడు, 1957లో నయాపైసలు వచ్చాక కూడా మా అమ్మ చాలాకాలం అణాల్లోనే లెక్క చూసేది. ఆ లెక్కల్లో ఎంత గట్టిమనిషో ఇచ్చిపుచ్చుకోవడాల్లో అంత ధారాళం. పక్కింటి నుంచి గిద్దెడు పంచదార చేబదులు తెస్తే, తిరిగిచ్చేటప్పుడు గోపురంగా పోసి ఇవ్వాలి. ఎవరైనా కూర పంపితే ఆ గిన్నె ఒట్టిది పంపకూడదు, ఇంట్లో ఏమీ లేకపోతే పెరట్లో కరివేపాకు రెబ్బలైనా వేసి పంపాలి. మా ఇంట్లో ఒకబ్బాయి వారాలు చెప్పుకుని చదువుకునేవాడు, బుధవారం మాది. ఆ పూట అమ్మ అందరి పప్పులోనూ ఒక చుక్క నెయ్యి ఎక్కువే వేసేది, వాడొక్కడికే వేస్తే మొహమాటపడతాడని. వాడు పెద్ద ఉద్యోగస్తుడయ్యాక కూడా, మా ఇంట అన్నం తిన్నాడన్న మాట అమ్మ నోట ఎన్నడూ వినలేదు నేను. పెట్టడం కంటే ఆ నోరు కట్టుకోవడమే కష్టమని నాకు పెళ్ళయ్యాక తెలిసింది.

1965లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికో పూట భోజనం మానమని దేశాన్ని అడిగితే, సోమవారం రాత్రుళ్ళు మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. పిల్లలకు అటుకులు, పెద్దవాళ్ళకు మజ్జిగ. మానామో లేదో చూడటానికి ఎవరొస్తారు చెప్పు? అయినా ఆయన అడిగాడు, అంతే.

అన్నీ మంచివే అని చెప్పను. వారాలు పెట్టడంలోనూ మనవాళ్ళా పైవాళ్ళా అని చూసుకునే పెట్టేవారు, గడప ఇవతల ఒక మర్యాద, అవతల ఇంకోటి. మా అత్తగారైతే మడి పేరుతో నన్నే వంటింట్లోకి సగం రోజులు రానిచ్చేది కాదు. బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేది, ఎందుకత్తయ్యా అంటే ఉండనీ అనేది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను ఊడ్చేసింది, పదివేల మందికి పైగా పోయారు. మా ఇంటి పెంకులు సగం లేచిపోయాయి. తర్వాత అటువైపు నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు మా అరుగు మీద కూర్చుంటే, ఆ మడిమనిషే కుండలు దింపించి, వాళ్ళ ఆడవాళ్ళను పొయ్యి దగ్గరికి పిలిచి వండుకోమంది, ఎవరు మీరని ఒక్కరినీ అడగలేదు. సినిమా హీరోలు రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి చందాలు పోగుచేసిన సంగతి ఇప్పటికీ అందరూ చెబుతారు, మా అత్తగారి కుండ సంగతి నేను చెప్పకపోతే నీకెవరు చెబుతారు? ఆ తర్వాత మడి మళ్ళీ మొదలైందనుకో, అది వేరే మాట.

నువ్వు అర్ధరాత్రి తెప్పించుకున్న తిండిలో సగం చెత్తబుట్ట పాలవుతోందని మీ అమ్మ చెబితే నాకు మనసు చివుక్కుమంది. కానీ మీ వాచ్‌మన్ కూతురికి ఆదివారాలు లెక్కలు చెబుతున్నావని కూడా తనే చెప్పింది. నువ్వు మాకు ఆ మాట అననే లేదు. తాతయ్య ఆ రోజంతా వీధిలో కనబడినవాళ్ళందరికీ చెప్పుకొచ్చారు, ఆయనకు మాత్రం నోరు కట్టుకోవడం చేతకాదు.

మీ పై అంతస్తులో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుందనీ, లిఫ్టులో కనబడితే నవ్వుతుందనీ అన్నావు కదా. ఈసారి నేను పంపే సున్నుండల్లో నాలుగు ఆవిడకిచ్చి రా. కాసేపు కూర్చో. ఆవిడ పేరేమిటో, ఏ ఊరి మనిషో కనుక్కుని నాకు రాయి.

నీ
అమ్మమ్మ