పాలిథిన్ కవరు వద్దు - కాగితం పొట్లమే ముద్దు

జొన్నగిరి: తొలకరి పడితే చాలు, వజ్రాల కోసం ఎక్కడెక్కడి జనమో జొన్నగిరి చేలల్లోకి వస్తారు. దుక్కి దున్నే రైతుకు మాత్రం వజ్రం కన్నా ముందు పాలిథిన్ కవరు కనబడుతుంది. అది చేలోకి ఎట్లా వస్తుందో తెలిస్తే ఆపడం కష్టం కాదు.

చేలోకి దారి

ఎక్కువ భాగం మన పెంటదిబ్బ నుంచే వస్తుంది. ఇల్లూడ్చిన కసువు, కూరగాయల తొక్కులు, అంగడి కవర్లు అన్నీ ఒకే దిబ్బలో వేస్తాం. ఎండాకాలంలో ఆ ఎరువునే చేనికి తోలుతాం. పేడ చివికి ఎరువవుతుంది. పాలిథిన్ చివకదు. ఎండకు పెళుసెక్కి ముక్కలైనా మట్టిలో కలవదు. ముక్కలు పోగైన చోట వాన నీరు సరిగా ఇంకదు, వేరు దిగదు. వర్షాధారంతో బతికే మన నేలలకు ఇది పెద్ద నష్టం.

పశువు కడుపులో

మిగిలిన అన్నం కవరులో ముడివేసి పారేస్తే ఆవు కవరుతో సహా మింగుతుంది. ఖనిజ లవణాల లోపం ఉన్న పశువులు ఇట్లాంటివి మరీ ఎక్కువ తింటాయి. కవరు అరగక పెద్ద పొట్టలో ఉండ కడుతుంది. మేత తగ్గడం, నెమరు సరిగా వేయకపోవడం, మాటిమాటికీ కడుపుబ్బరం, పాలు తగ్గి చిక్కిపోవడం దీని లక్షణాలు. నాటుమందులతో రోజులు గడపక పశువైద్యుడికి చూపించాలి. ఉండ పెద్దదైతే ఆపరేషను చేసి తీయాల్సిందే.

పత్తిలో పోగులు

ఆదోని మార్కెట్టుకు పత్తి తోలే రైతులు ఇది గమనించాలి. ఖాళీ ఎరువుల సంచులు ప్లాస్టిక్ పీచుతో నేసినవి. వాటిలో పత్తి నింపితే పోగులు ఊడి దూదిలో కలుస్తాయి. జిన్నింగులో అవి ఇంకా సన్నగా చీలి నూలులో చేరతాయి. వాటికి రంగు అంటదు కాబట్టి గుడ్డ మీద మచ్చలు పడతాయి. అందుకే మిల్లులు ఇట్లాంటి పత్తిని తక్కువగా చూస్తాయి. గోనె పీచు కూడా ఇట్లే చెరుపు చేస్తుంది. పత్తి తీతకు నూలుగుడ్డ సంచే మేలు.

చట్టం ఏమంటోంది?

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాల వంటి ఒక్కసారి వాడి పారేసే వస్తువులను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి సంచులూ నిషేధమే.

రైతులు చేయదగినవి

* పప్పులు, బెల్లం, చక్కెర వంటి పొడి సరుకులు కాగితం పొట్లంలో కట్టించుకోవాలి. వెనక మన అంగళ్లలో పురికొసతో కట్టి ఇచ్చింది ఇట్లాగే.
* బోండాలు, బజ్జీలు అచ్చువేసిన పేపర్లో కట్టించుకోరాదు. సిరా తిండికి అంటుతుంది. ఆహార భద్రతా సంస్థ 2016లోనే ఈ హెచ్చరిక చేసింది. వీటికి విస్తరాకు వాడాలి.
* కాగితం తడిస్తే చినుగుతుంది, ఖర్చూ కొంచెం ఎక్కువే. కాబట్టి నూనెకు సీసా, కూరగాయలకు గుడ్డ సంచి ఇంటి నుంచే తీసుకుపోవాలి.
* యూరియా తేమ పీలుస్తుంది గనుక దాన్ని కాగితంలో ఉంచరాదు. ఖాళీ సంచులు దులిపి దాచుకోవాలి. తిండిగింజలు మాత్రం వాటిలో పోయరాదు.
* పెంటదిబ్బ పక్కనే ఒక పాత సంచి కట్టి కవర్లన్నీ అందులో వేసి పంచాయతీ చెత్తబండికి ఇవ్వాలి. కాల్చరాదు, ఆ పొగ విషం.
* ఎరువు తోలే ముందు దిబ్బను తిరగతోడి కవర్లు ఏరాలి. ఇద్దరు మనుషులకు ఒక పూట పని. అదే చేలో పరిచిన తర్వాత ఏరాలంటే ఏళ్లు పడుతుంది.