పంపు బ్యాటరీ, డ్రోన్ బ్యాటరీ: ఛార్జింగ్ సంగతులు



వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు మేము కృష్ణబిలాల గురించి రాద్దామనుకున్నాం. ఆ వారమే ఊరికి వెళ్ళాం. వసారా మూలన మందు కొట్టే పంపు పాత బ్యాటరీ కనిపించింది. ఇక కృష్ణబిలాలను పక్కన పెట్టేశాం.

మేము ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే ఉన్నాం. ఇప్పుడు ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, ముందు జరిగే కథకు దీనితో పని ఉంది.

2021-22లో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటలను నల్ల తామర పురుగు పట్టిన సంగతి మీలో చాలామంది ఇళ్ళల్లో గుర్తుండే ఉంటుంది. పూతలో చేరి పూతంతా రాల్చేసింది. మా నాన్న రెండెకరాలు కౌలుకు చేస్తున్నారు. చేతి పంపుతో ఓపలేక ఆ ఏడాదే ఛార్జింగ్ పంపు కొన్నారు. ఎన్నిసార్లు మందు కొట్టినా తోట నిలవలేదు. ఫిబ్రవరిలో పీకేశారు. పంపును ఆఖరి రోజు ఎలా వాడారో అలాగే తెచ్చి మూలన పెట్టారు. మళ్ళీ ఆగస్టులో తీసి ఛార్జింగ్ పెడితే బ్యాటరీ పలకలేదు. కొత్తదానికి పన్నెండు వందలు అడిగారు. అంటే అమ్మకు నాలుగు రోజుల కాయ కోత కూలి.

ఆ బ్యాటరీ ఎందుకు చచ్చిపోయిందో మాకు తెలిసి ఉండాల్సింది. ఇంటర్లో లెడ్ ఆసిడ్ ఘటం పాఠం చదివాం. సమీకరణం రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాం. ఇంట్లో మూలన ఉన్నది అదేనని మాత్రం పోల్చుకోలేకపోయాం.

ముందు ఆ పాఠమే చూద్దాం. భుజాన తగిలించుకునే పంపుల్లో ఎక్కువగా ఉండేది 12 వోల్టుల, 8 ఆంపియర్-అవర్ సీల్డు లెడ్ ఆసిడ్ బ్యాటరీ. ఈ జాతి బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారు చేశాడు. 8 ఆంపియర్-అవర్ అంటే ఒక ఆంపియర్ కరెంటు చొప్పున లాగితే సుమారు ఎనిమిది గంటలు ఇస్తుందని లెక్క. పంపు మోటారు రెండున్నర ఆంపియర్లు లాగుతుందనుకోండి, మూడు గంటలు పని చేస్తుంది. తిరిగి నింపడానికి ఒక ఆంపియర్ ఛార్జర్ అయితే నష్టాలు కలుపుకుని తొమ్మిది పది గంటలు పెట్టాలి. రెండు గంటలకే తీసేసి చేలోకి పరుగెత్తితే పావు వంతు కూడా నిండదు.

బ్యాటరీ కరెంటు ఇచ్చేటప్పుడు లోపలి పలకల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. ఛార్జింగ్ పెడితే కరిగి మళ్ళీ సీసంగా, సీసపు ఆక్సైడ్‌గా మారుతుంది. వెంటనే ఛార్జ్ చేస్తేనే ఇలా జరుగుతుంది. ఖాళీగా నెలల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా గడ్డకట్టి, ఏ ఛార్జర్ పెట్టినా కరగదు. నిండుగా పెట్టిన బ్యాటరీ కూడా తనంతట తాను నెలకు కొంత దిగుతుంది. వేడి పెరిగే కొద్దీ ఇంకా వేగంగా దిగుతుంది. మన పల్నాడు ఎండలు, రేకుల కప్పు, ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు. మా బ్యాటరీ బతికే దారే లేదు. నెలకు ఒకసారి నిండా ఛార్జ్ చేసి ఉంటే బతికేది. మల్టీమీటర్ ఉంటే చూడండి, విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.7 వోల్టులకు పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12కి దిగితే దాదాపు ఖాళీ.

ఇక కొత్త బ్యాటరీ సంగతి. "మొదటిసారి పన్నెండు గంటలు ఛార్జింగ్ పెట్టాలి, మూడుసార్లు పూర్తిగా దించి ఎక్కించాలి" అని కొట్టువాళ్ళు చెబుతారు, ఫోన్ కొన్నప్పుడూ చెబుతారు. కొత్త కోడెలను కాడికి అలవాటు చేసినట్టు బ్యాటరీనీ అలవాటు చేయాలని జనం నమ్మకం. ఇది వట్టి మూఢనమ్మకమేమీ కాదు. ఒకప్పటి నికెల్ కాడ్మియం, నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలకు ఇది నిజమే. వాటిని తొలిసారి సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో పద్నాలుగు పదహారు గంటలు నింపేవారు. మూడు నాలుగు సార్లు వాడితే గాని పూర్తి సత్తా చూపేవి కావు. ఎలక్ట్రిక్ మోడల్ విమానాలు ఎగరేసే వాళ్ళందరూ చాలా ఏళ్ళు వీటితోనే గడిపారు. 1973లో ఆస్ట్రియాలో మనిషి ఎక్కిన ఎలక్ట్రిక్ విమానం కొద్ది నిమిషాలు ఎగిరిందీ నికెల్ కాడ్మియంతోనే.

తర్వాత బ్యాటరీ మారింది, మాట మాత్రం మారలేదు. 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకానికి తెచ్చింది. దానికి పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో ముగ్గురికీ 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. లిథియం బ్యాటరీని అలవాటు చేయడం ఫ్యాక్టరీలోనే అయిపోతుంది. అక్కడ మొదటి ఛార్జింగ్‌లో గ్రాఫైట్ మీద ఒక పలుచని పొర ఏర్పడుతుంది, ఆ తర్వాత దాన్ని కాపాడేది ఆ పొరే. మనం పన్నెండు గంటలు పెట్టి కొత్తగా సాధించేదేమీ లేదు. పూర్తిగా దించితే నష్టం కూడా.

మిరప, పత్తి చేల మీద ఎగిరే మందు డ్రోన్లలో ఉండేది ఈ లిథియం జాతిదే. మోడల్ విమానాల వాళ్ళు వాడే లిథియం పాలిమర్ బ్యాటరీకి ఇది పెద్దన్న. ఒక్కో బ్యాటరీలో ఆరు సెల్స్, 22.2 వోల్టులు. పది లీటర్ల డ్రోన్‌కు అలాంటివి రెండు కలిపి, ఒక్కోటి 16 ఆంపియర్-అవర్ అనుకుందాం. పది నిమిషాల్లో ఎనభై శాతం ఖర్చయితే కరెంటు ఎంత? 12.8ని గంటలో ఆరో వంతుతో భాగించండి, 77 ఆంపియర్లు దాకా వస్తుంది. మన పంపు మోటారు లాగేది రెండున్నర. అందుకే దిగిన బ్యాటరీ చేతికి వేడిగా తగులుతుంది. చల్లారక ముందే ఛార్జింగ్ పెట్టకూడదు.

ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు, 3కి దిగకూడదు. ఇరవై శాతం మిగిలి ఉండగానే డ్రోన్‌ను దించేస్తారు. ఆరు సెల్స్ సమానంగా నిండాలి కనుక సన్న తీగల కనెక్టర్ కూడా తగిలించి, బ్యాలెన్స్ ఛార్జర్ మీదనే పెట్టాలి. 16 ఆంపియర్లతో పెడితే సుమారు గంట. కొత్తది వచ్చినప్పుడు సెల్స్ అన్నీ ఒకే వోల్టేజిలో ఉన్నాయో లేదో చూసి, మొదటి రెండు మూడు సార్లు ట్యాంకు సగమే నింపి ఎగరేస్తే మంచిది. ఇక్కడ అలవాటు చేయడమంటే ఇంతే. ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఎంత ఖరీదైనదైనా పక్కన పెట్టాల్సిందే. అంటుకుంటే ఆపడం కష్టం. ఛార్జింగ్ సిమెంటు గచ్చు మీద, పక్కన మనిషి ఉండగా, ఇసుక బకెట్ దగ్గర పెట్టుకుని చేయాలి. మంచం కింద, ట్రంకు పెట్టెల మధ్య పెట్టకూడదు. సెల్‌ఫోన్ పవర్ బ్యాంకులకూ ఇదే మాట.

అసలు తిరకాసు దాచి పెట్టే దగ్గర ఉంది. పంపు లెడ్ ఆసిడ్ బ్యాటరీని నిండుగా దాచాలి. డ్రోన్ లిథియం బ్యాటరీని నిండుగా దాస్తే పాడవుతుంది, సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర, సగం నిండుగా దాచాలి. ఒకదానికి ప్రాణం పోసే పద్ధతి రెండోదాని ప్రాణం తీస్తుంది. ఇప్పుడు కొన్ని పంపుల్లోనూ లిథియం బ్యాటరీలే వస్తున్నాయి. కాబట్టి మీ ఇంటి పంపు మూత తీసి లేబుల్ చదవండి. చదవకుండా పక్కింటి ఛార్జర్ తెచ్చి పెట్టొద్దు.

డ్రోన్ల పేరు ఎత్తాం కనుక ఒక మాట. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పైలట్ సర్టిఫికెట్‌కు పద్దెనిమిదేళ్ళు నిండి, పదో తరగతి పాసై, శిక్షణ పొందితే చాలు. గుంటూరు లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా ఈ శిక్షణ ఇచ్చింది. 2023 నవంబరులో కేంద్రం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని ఆమోదించింది. ఎగరేయడం కొద్ది రోజుల్లో వస్తుంది. ఆ తర్వాత డబ్బు మిగిలేదీ మిగలనిదీ బ్యాటరీలు ఎన్ని వందల సార్లు నిలుస్తాయన్న దాని మీద ఆధారపడుతుంది. పదో తరగతి విద్యుత్ పాఠం వదిలేద్దామనుకునే తమ్ముళ్ళు ఈ లెక్క ఒకసారి వేసి చూడండి.

హాస్టల్లో ఎమర్జెన్సీ లైట్లున్నాయి కదా, పాతవాటిలో ఉన్నది లెడ్ ఆసిడే. వేసవి సెలవులకు వెళ్ళే ముందు వాటిని నిండా ఛార్జ్ చేయించమని, మధ్యలో ఒకసారి వాచ్‌మన్ గారి చేత పెట్టించమని వార్డెన్ గారిని అడగండి.

మా ఇంట్లో ఆ తర్వాత కొన్న బ్యాటరీ మూడు పంటలు చూసింది. గోడ క్యాలెండర్‌లో ప్రతి నెలా ఒకటో తేదీకి మేము పెన్నుతో సున్నా చుట్టి వస్తాం. నాన్న చదువుకోలేదు. సున్నా కనిపించిన రోజు రాత్రి ప్లగ్గు పెడతారు.