గోడ కట్టేలోపే గోల్ కొడితే?

ప్రశ్న: లింగంపల్లిలో ఆదివారాలు ఆడే ఫుట్‌బాల్ జట్టు మాది. ఈ ఏడాది ఓటములే ఎక్కువ. మొన్న మేం గోడ కడుతుండగానే అవతలివాళ్లు ఫ్రీకిక్ తన్ని గోల్ చేశారు. విజిల్ లేకపోయినా రిఫరీ ఒప్పుకున్నారు. న్యాయమేనా?

జవాబు: ఆ గోల్ చెల్లుతుందండీ. మీరు 9.15 మీటర్ల దూరం జరగాలి. అందాకా ఆగడమా, వెంటనే తన్నడమా అన్నది కిక్ దొరికినవాళ్ల ఇష్టం. గోడను వెనక్కి పంపమని వాళ్లు రిఫరీని అడిగినా, ఎవరికైనా కార్డు చూపించినా మాత్రం విజిల్ దాకా ఆగాల్సిందే.

2023 మార్చి 3న బెంగళూరులో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) మ్యాచ్‌లో సునీల్ ఛెత్రి ఇలాగే గోల్ కొట్టాడు. ప్రత్యర్థి జట్టు కేరళ బ్లాస్టర్స్ నిరసనగా మైదానం వదిలి వెళ్లిపోయింది. జట్టుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. గోల్ మాత్రం నిలిచింది.

వరుసగా ఓడుతున్నప్పుడు ప్రతి నిర్ణయమూ మనమీద కక్షలాగే కనిపిస్తుంది. మీ పక్కనే గచ్చిబౌలిలో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచి, 2023-24లో ఒక్క విజయంతో అట్టడుగున మిగిలింది. అలాంటి రోజుల్లో వాదనతో తెచ్చుకునే ఎల్లో కార్డు మరీ బరువు. రిఫరీతో కెప్టెన్ ఒక్కరినే మాట్లాడనివ్వండి.

ఫౌల్ పడగానే ఒకరు బంతిమీంచి చూపు తిప్పకూడదు. ఆ పని ముందే ఒకరికి అప్పగించండి. గోల్‌కీపర్ స్తంభం పక్కన గోడ సర్దే క్షణమే అసలు ప్రమాదం. రిఫరీ చెయ్యి పైకెత్తి ఉంచితే అది ఇన్‌డైరెక్ట్ కిక్. అప్పుడు ఎవరికీ తగలకుండా నేరుగా గోల్‌లోకి వచ్చే బంతిని కీపర్ ముట్టుకోకుండా వదిలేస్తే, గోల్ కిక్ మీకే వస్తుంది.