ట్రంకు పెట్టెలో మిలట్రీ తాత: పాత ఫొటో కాలం పోల్చుకునే చిట్కాలు

భోగాపురం చుట్టుపక్కల పాత ఇళ్ళు ఒక్కొక్కటే పోతున్నాయి. విమానాశ్రయం కోసం మరడపాలెం, బొల్లింకలపాలెం లాంటి ఊళ్ళు లేచి కొత్త కాలనీలకు వెళ్ళిపోయాయి. మిగిలిన చోట్ల పెంకుటిళ్ళు డాబాలవుతున్నాయి. సామాను సర్దినప్పుడు అటక మీది ట్రంకు పెట్టె కిందికి దిగుతుంది. దాని అడుగున పట్టుచీర మడతలోనో, పాత దస్తావేజుల మధ్యనో ఒక ఫొటో ఉంటుంది. తుపాకీ పట్టుకుని నిటారుగా నిలబడ్డ మనిషి. ఎవరని అడిగితే "మా తాత అన్నగారు బావూ, జర్మనీ యుద్ధానికెళ్ళాడు, ఇంకేటీ తెలీదు" అంటారు. జర్మనీతో యుద్ధాలు రెండు జరిగాయి, 1914లో ఒకటి, 1939లో ఒకటి. వాటిలో ఏదన్నది చాలాసార్లు ఆ ఫొటోయే చెబుతుంది, దాన్ని చూడటం తెలియాలంతే.

1. ముందు ఫొటోను కాపాడుకోండి. మనది సముద్రపు గాలి, చెమ్మకు ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంటుంది. లాగితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో పాటే, నీడపట్టున, ఫ్లాష్ లేకుండా ఫోనుతో ఫొటో తీసుకోండి. తడిగుడ్డతో తుడవొద్దు. కలరా ఉండలు ఫొటోకు ఆనించి పెట్టొద్దు.

2. తర్వాత వెనక్కి తిప్పండి. ముందు వైపుకంటే వెనక వైపే ఎక్కువ చెప్పే ఫొటోలు చాలా ఉన్నాయి. స్టూడియో ముద్ర ఉంటే అక్షరం అక్షరం చదవండి. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే ఆ ముద్ర వేసింది 1972 ఆగస్టు 15 తర్వాతే, పిన్‌కోడ్ మొదలైందే ఆ రోజు. "విజయనగరం జిల్లా" అని ఉంటే 1979 జూన్ తర్వాత, "శ్రీకాకుళం జిల్లా" అని ఉంటే 1950 ఆగస్టు తర్వాత. రంగూన్ ముద్ర కనిపిస్తే వెంటనే సిపాయి అనుకోకండి. మన తీరం నుంచి వేలమంది అక్కడికి కూలికి వెళ్ళారు, వాళ్ళూ స్టూడియోలో ఫొటోలు దిగారు.

3. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే: ఫొటోలో అన్నిటికంటే కొత్త వస్తువేదో వెతకండి, పాత వస్తువును చూసి కాలం చెప్పకండి. త్రీనాట్‌త్రీ తుపాకీనే తీసుకోండి. గొట్టం మూతి దాకా చెక్క తొడుగుతో, ముక్కు మొండిగా ఉండే ఆ రకం 1907 నాటి నమూనా. మొదటి యుద్ధంలో అదే, రెండో యుద్ధంలో అదే. 1962లో చైనాతో పోరాడినప్పుడు కూడా మన జవాన్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నది త్రీనాట్‌త్రీయే. పోలీసుల దగ్గరైతే ఇంకా ఎన్నో ఏళ్ళు ఉంది. అందుకని ఆ తుపాకీ ఒక్కటే కనిపిస్తే మీకు తెలిసింది దాదాపు ఏమీ లేదు.

దానికి బదులు పొడవుగా, నిలువు మేగజైన్ కిందికి దిగి ఉన్న ఎస్.ఎల్.ఆర్. కనిపిస్తే కాలం ఒక్కసారిగా ఇటు జరుగుతుంది. అది మన సైన్యంలో విరివిగా వచ్చింది చైనా యుద్ధం తర్వాతే, 1971 యుద్ధపు తుపాకీ అదే. లోపలి గుళ్ళు కనిపించే వంపు మేగజైన్ ఉంటే ఇన్‌సాస్. 1990ల చివర్లో వచ్చింది, 1999లో కార్గిల్ కొండలెక్కింది. మేగజైన్ పైకి లేచి అరటికాయలా వంగి ఉంటే బ్రెన్ తుపాకీ, రెండో యుద్ధం నుంచి కొన్ని దశాబ్దాలు కనిపిస్తుంది.

4. తుపాకీ కంటే ఛాతీ మీది సంచులు నమ్మకమైన సాక్షులు. మా ఇంట్లో ఒక ఫొటో ఉంది. వెనక గీసిన పూలకుండీ తెర, ముందు నిక్కరు వేసుకున్న బక్కపలచటి మనిషి, చేతిలో త్రీనాట్‌త్రీ. ఇంటిల్లిపాదీ "మొదటి యుద్ధం" అనే చెప్పుకునేవారు. భూతద్దం పెట్టి చూస్తే ఛాతీకి రెండు వైపులా రెండు పెద్ద గుడ్డ సంచులు, ఒక్కోటి అరచేతి కంటే పెద్దవి. ఆ రకం 1937 నమూనా సరంజామా. బ్రెన్ తుపాకీ మేగజైన్లు పట్టాలని అంత పెద్దవిగా కుట్టారు. మొదటి యుద్ధంలో మన సిపాయిలకు ఎక్కువగా ఉన్నవి చిన్న చిన్న తోలు సంచులు, భుజం మీదుగా వచ్చే తోలు పట్టీ. అంటే మా తాత వెళ్ళింది రెండో యుద్ధానికి. అరవై ఏళ్ళు తప్పుగా చెప్పుకున్న సంగతి ఒక్క సంచి సరిచేసింది.

5. రెజిమెంటు పేరు ఇంట్లో తెలిసి ఉంటే దాన్నీ లెక్కలో వేయండి. మద్రాసు పదాతి దళాల రెగ్యులర్ పటాలాలన్నిటినీ 1920లలో ఇంగ్లీషువాళ్ళు రద్దు చేసేశారు. దక్షిణాది వాళ్ళు యుద్ధానికి పనికిరారని వాళ్ళ వాదం. అది పచ్చి అన్యాయం. రెండో యుద్ధం మీదికొచ్చాక 1941లో మద్రాస్ రెజిమెంటును మళ్ళీ లేపక తప్పలేదు. కాబట్టి మీ పెద్దాయన ఆ రెజిమెంటు సిపాయి అయితే, ఫొటో 1920లకు ముందుదో 1941 తర్వాతదో అయ్యే అవకాశమే ఎక్కువ. బెంగుళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ శాపర్స్ అనే సైనిక ఇంజినీర్ల దళానికి ఈ లెక్క వర్తించదు, వాళ్ళను రద్దు చేయలేదు.

6. టోపీ బిళ్ళ, భుజం గుర్తులు: కిరీటం ఉంటే 1950కి ముందు, అశోకుడి సింహాలుంటే 1950 జనవరి 26 తర్వాత. ఇంత సూటిగా కాలం చెప్పే గుర్తు ఇంకోటి లేదు. ఫోనులో తీసిన ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి ముందు ఇక్కడే చూడండి. ఫొటో కింద "జమేదార్" అని రాసి ఉంటే అది కూడా గుర్తే, 1965లో ఆ హోదా పేరు నాయబ్ సుబేదార్‌గా మారింది.

7. నౌకాదళం వాళ్ళయితే టోపీ చుట్టూ ఉన్న రిబ్బను చదవండి. "హెచ్.ఎమ్.ఐ.ఎస్." అంటే రాజుగారి కాలం, "ఐ.ఎన్.ఎస్." అంటే గణతంత్రం వచ్చాక. విశాఖలోని నౌకా స్థావరానికి మన ఉత్తర సర్కార్ల పేరే పెట్టారు, 1939లో హెచ్.ఎమ్.ఐ.ఎస్. సర్కార్స్‌గా మొదలై ఐ.ఎన్.ఎస్. సర్కార్స్ అయింది.

8. నలుపు తెలుపులో రంగును ఊహించకండి. పాత ఫిల్ము కొన్నింటిలో ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడేది. స్టూడియోవాళ్ళు చేత్తో రంగులద్దిన ఫొటోలైతే అసలే నమ్మొద్దు, పెయింటరు తనకు నచ్చిన పచ్చ పూసి ఉంటాడు.

9. ఖాకీ కనిపించిందల్లా మిలట్రీ కాదు. స్వాతంత్ర్యం తర్వాత సైన్యం ఆలివ్ పచ్చకు మారింది, ఖాకీ పోలీసులకు ఉండిపోయింది. మన పక్కనే చింతలవలసలో స్పెషల్ పోలీసు అయిదో బెటాలియన్ ఉంది, ఈ ప్రాంతపు ఇళ్ళలో వాళ్ళ ఫొటోలూ ఉంటాయి. 1948 తర్వాతవైతే కాలేజీ ఎన్.సి.సి. కుర్రాళ్ళవి కూడా. మీసం రాని ముఖం, చేతిలో త్రీనాట్‌త్రీ ఉంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

10. ఫొటో తిరగేసి అచ్చయిందేమో చూడండి. పతకాలు ఎడమ ఛాతీ మీద ఉండాలి, త్రీనాట్‌త్రీ బోల్టు పిడి తుపాకీకి కుడి వైపు ఉండాలి. రెండూ తారుమారైతే అద్దంలో బొమ్మ చూస్తున్నట్టే. పతకాలు మాత్రమే కుడి వైపుంటే, చనిపోయిన తండ్రి పతకాలను కొడుకు పెట్టుకుని ఉండొచ్చు.

11. పతకం పెట్టెలోనే దొరికితే మీ అదృష్టం. రెండో యుద్ధపు నక్షత్రాలకు ఆరు కొనలుంటాయి, 1914-15 నక్షత్రానికి నాలుగు. గుండ్రటి పతకమైతే అంచు చుట్టూ, నక్షత్రమైతే వెనక వైపు భూతద్దంతో చూడండి. సిపాయి నంబరు, హోదా, పేరు, దళం సన్నటి అక్షరాల్లో కొట్టి ఉండొచ్చు. అమ్మలకు నా విన్నపం ఒక్కటే, ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి దాన్ని తోమకండి. పేరు అరిగిపోతే మళ్ళీ రాదు.

12. నంబరు దొరికిందంటే సగం పని అయినట్టే. విజయనగరంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, ఏ రికార్డు ఆఫీసుకు రాయాలో అక్కడ అడగండి. మద్రాస్ రెజిమెంటుదైతే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, శాపర్స్‌దైతే బెంగుళూరు. యుద్ధంలో తిరిగిరాని మనిషి అయితే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం జాబితాలో పేరు వెతకండి, డబ్బు కట్టక్కర్లేదు. బర్మాలో సమాధి దొరకని సిపాయిల పేర్లు రంగూన్ స్మారకం మీద సుమారు 27,000 ఉన్నాయి.

13. తేలిన సంగతులు ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో అంచున రాయండి. బాల్‌పెన్నుతో రాస్తే గాడి ముందు వైపుకు తేలుతుంది. పేరు, ఊరు, ఎవరికి ఏమవుతారు, ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు. అయితే తుపాకీ కాలం చెబుతుంది, టోపీ దళం చెబుతుంది, పేరు మాత్రం మనిషే చెప్పాలి. ఆ ముఖాన్ని చూసి గుర్తుపట్టగల ఒక్క ముసలమ్మ మీ వీధిలో ఇంకా ఉంటే, ఈ ఆదివారమే ఫొటో పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళండి.